చక్రము క్రింది చప్పుడు

ఈ సంవత్సరపు సంచికకు మేము కూడ నేదైన వ్రాసి యీయవలెనని సంపాదకవర్గమువారు కోరిరి. పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించువారము గావున విద్యుచ్ఛక్తిని గూర్చియో, నక్షత్రములను గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేమును మొదట నట్లే తలచితిమి. కాని కలము చేతబట్టి కూర్చుండినప్పుడెల్ల, 2025 జనవరిలో సంక్రాంతి సెలవులయందు మా చిన్నవానితో గూడ నొక పాత కారు క్రింద పరుండి గడపిన మూడు దినముల యుదంతమే మనస్సునకు వచ్చుచుండెను. అందులో కొంత శాస్త్రము కలదు. కొంత గ్రీజు మడ్డి కలదు. మేము చేసిన తప్పొకటియు కలదు. ఆ తప్పు మా విద్యార్థులకు తెలియుట మేలని తోచి దీనిని వ్రాయుచున్నాము.

మా కారు మారుతి 800. దీనిని 1997వ సంవత్సరమున మా నాన్నగారు కొనిరి. ఈ పేరుగల బండ్లలో మొదటిది 1983 డిసెంబరు 14వ తేదీన, నాటి ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధీ చేతులమీదుగా దానిని కొనిన వారికి అందినది. 2014లో వీని తయారీ నిలిచిపోయినది. ఆ ముప్పదియేండ్లలో మన దేశమునందెందరో ఉపాధ్యాయులు, గుమాస్తాలు, చిన్న వర్తకులు సొంతకారు మొట్టమొదట నెక్కినది దీనిలోనే. మూడు సిలిండర్లు గల 796 ఘనసెంటీమీటర్ల యింజను, ఇంచుమించు 650 కిలోల బరువు, పండ్రెండంగుళముల చక్రములు: ఇంతే దాని సంపద. అయినను మా నాన్నగారికది యేనుగుతో సమానము. ప్రతి శనివారము సాయంకాలము వారే స్వయముగా దానిని కడుగుచుండిరి. నూనె మార్చిన తేదీ, టైర్లు మార్చిన తేదీ, బ్యాటరీ కొనిన తేదీ, అన్నియు నొక చిన్న నోటుపుస్తకములో ముత్యములవంటి యక్షరములతో వ్రాసి, దానిని బండిలోనే యుంచిరి. 2016లో వారు మమ్ము విడిచిపోయిన తరువాత బండి మాకు వచ్చినది, పుస్తకమును మాకే వచ్చినది. బండిని నడపితిమి గాని పుస్తకములో నొక్క పంక్తియైనను మేము వ్రాయలేదు.

మా నివాసము బాపట్ల. సూర్యలంక సముద్రతీరము మా యూరికి తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్నది. సాయంకాలమున వీచు గాలి దేహమునకు హాయిగా నుండును గాని, ఇనుమునకు శత్రువు. దానిలోని యుప్పుతేమ బండి క్రిందిభాగముల నూరక కూర్చుండి తినుచుండును. పైన రంగు మెరయుచునే యుండును. క్రింద త్రుప్పు తన పని తాను చేసికొనుచునే యుండును.

మా అమ్మగారికి డెబ్బదియారు సంవత్సరములు. కంటిలోని పొర దెబ్బతినుటచేత చూపు మందగించి, నెలకొకసారి గుంటూరు కంటి వైద్యశాలకు పోయి సూదిమందు వేయించుకొనవలసియున్నది. బాపట్లనుండి పొన్నూరు, చేబ్రోలు మీదుగా గుంటూరు ఇంచుమించు యేబది కిలోమీటర్లు. సూది వేసిన కంటికి కట్టుకట్టి యుండగా బస్సులో నిలువబెట్టి తీసికొని వచ్చుట సాధ్యము గాదు. గావున ఆ పాత కారే ఆమెకు కన్నును, కాలును.

చూపు తగ్గినవారికి వినికిడి పదునెక్కునందురు. ముందు ఎడమచక్రము దగ్గరినుండి వచ్చు చప్పుడును మొదట వినినది మా అమ్మగారే. “అబ్బాయీ, కింద ఏదో టక్కుమంటోంది” అని 2024 వేసవిలోనే ఆమె చెప్పిరి. “రోడ్డు బాగాలేదమ్మా” అని మేము బదులు చెప్పితిమి. వర్షకాలములో మరల చెప్పిరి. మేము రేడియో కొంచెము పెద్దదిగా పెట్టితిమి. చప్పుడు వినకుండుటకు మానవుడు కనిపెట్టిన సాధనములలో నింతకంటె సులభమైనది లేదు.

డిసెంబరు మాసములో నొకనాడు వైద్యశాలనుండి తిరిగి వచ్చుచుండగా, పొన్నూరు దాటిన తరువాత నీరు నిండిన గుంట యొకటి కనబడలేదు. ఎడమచక్రము దానిలో బడి లేచినది. లేచిన వెంటనే స్టీరింగు మా చేతులలోనుండి గుంజుకొనినట్లు ఎడమవైపునకు తిరిగినది. బండి బాట యంచు దిగి, తుమ్మచెట్టునకు నాలుగడుగుల దూరమున నిలిచినది. దేవుని దయవలన నెవరికిని దెబ్బ తగులలేదు. కాని కట్టుకట్టిన కంటితో కూర్చున్న మా అమ్మగారు ఏమి జరిగినదో తెలియక, రెండు చేతులతో ముందు బల్లను పట్టుకొని, “ఏమైంది నాయనా, ఏమైంది?” అని అడిగిన స్వరము మేము మరువజాలము. కొంతసేపటికి ఆమె, “మీ నాన్నగారు ఉండగా ఈ చప్పుడు లేదు” అని మాత్రమనిరి. అది నింద కాదు, ఉన్న మాట. అందుచేతనే అది మాకు మరింత తగిలినది.

ఇంటికి వచ్చి, ఆ చిన్న పుస్తకమును వెదకి తీసితిమి. నాన్నగారి చివరి పంక్తి క్రింద ఎనిమిదియేండ్ల తెల్లకాగితము. బండి ముందుభాగమును మా చేతులతోనే బాగుచేయవలెనని అప్పుడే నిశ్చయించుకొంటిమి. కూలి మిగులునను ఆశ కొంత; శాస్త్రము చదివినవారమను గర్వము కొంత; పశ్చాత్తాపము మిక్కిలి.

విద్యార్థులకు సులభముగా తెలియుటకై, చక్రము వెనుక నేమేమి యుండునో మొదట చెప్పెదము. బండి బరువును చక్రములపై నిలుపుచు, బాటలోని మిట్టపల్లములు లోపలివారికి సోకకుండ కాపాడు నమరికను సస్పెన్షను అందురు. మా బండి ముందుభాగమున ప్రతి చక్రము వెనుకను నిలువుగా నొక స్తంభము కలదు. దానిని స్ట్రట్టు అని పిలుతురు. దాని చుట్టు నొక ఉక్కు స్ప్రింగు. దాని లోపల నూనె నిండిన గొట్టము, అనగా షాక్ అబ్సార్బరు. గుంటలో బడినప్పుడు స్ప్రింగు నొక్కుకొని మరల సాగును. ఎంత బరువు పెట్టిన నంతకు తగినట్లు సాగునను సూత్రమును 1678లో రాబర్ట్ హుక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు ప్రకటించెనని మీరు తరగతిలో చదివినదే. స్ప్రింగు ఒక్కతెయే యున్నచో బండి ఉయ్యాలవలె నూగుచునే యుండును. ఆ యూపు నాపుటకే నూనె గొట్టము. దానిలోని ముషలకము కదలినప్పుడు నూనె సన్నని రంధ్రములగుండ బలవంతముగా పోవలసి వచ్చి, ఊపులోని శక్తి వేడిమిగా మారిపోవును.

స్తంభము పైకొన బండి దేహమునకు బిగించబడియుండును. క్రిందికొనను పట్టియుంచునది లోయర్ ఆర్ము అను ఉక్కుచేయి. దాని లోపలికొన బండి చట్రమునకు రబ్బరు బుష్షుతో గూడిన బోల్టుచేత అమరియుండును. వెలుపలికొనయందు బాల్ జాయింటు కలదు. మన తుంటియెముక గుండ్రని తల గిన్నెవంటి గుంటలో తిరుగునట్లు, ఉక్కుబంతి యొకటి గిన్నెలో తిరుగుచు, చక్రము పైకి క్రిందికి పోవుటకును, పక్కలకు మరలుటకును వీలు కలిగించును. స్టీరింగు త్రిప్పుటను చక్రమునకు తెలియజేయు కడ్డీ చివర నిట్టి బంతియే మరియొకటి కలదు. దానిని టై రాడ్ ఎండు అందురు. ఈ స్తంభపుటమరికను రూపొందించినవాడు ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికా యింజనీరు. ఆయన 1947లో ఫోర్డు సంస్థలో చేరెను. 1950లో ఇంగ్లండున వెలువడిన ఫోర్డు కాన్సల్, జెఫిర్ బండ్లు ఈ పద్ధతికి పేరు తెచ్చినవి. భాగములు తక్కువ, ఆక్రమించు చోటు తక్కువ యగుటచేత నేటి చిన్నకార్లలో నధికభాగమున ఇదియే వాడుకలో నున్నది.

పండుగకు ముందు ఆదివారమునాడు బండిని పరీక్షించితిమి. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా చిన్నవాడు సాయము వచ్చెను. ముందుచక్రమును నేలనుండి లేపి, దానిని గడియారపు ముఖముగా భావించి, పండ్రెండుగంటల చోటను ఆరుగంటల చోటను చేతులు పెట్టి కదలించితిమి. ఎడమచక్రము స్పష్టముగా ఊగినది. ఇట్టి యూపు చక్రపు బేరింగు వలనను కలుగవచ్చును, బాల్ జాయింటు వలనను కలుగవచ్చును. ఏదియో తెలిసికొనుటకు మా చిన్నవానిని లోపల కూర్చుండబెట్టి బ్రేకు త్రొక్కుమంటిమి. బ్రేకు త్రొక్కినప్పుడు ఊపు పోయినచో దోషము బేరింగుది, పోనిచో క్రిందిబంతిది. ఊపు పోలేదు. తరువాత మూడుగంటల చోటను తొమ్మిదిగంటల చోటను పట్టి కదలించితిమి. అందును కొంచెము వదులు కనబడెను. అది టై రాడ్ ఎండుది. పిమ్మట బండిని దించి, ముందుమూలను అదిమి వదలితిమి. మంచి బండి యొకసారి లేచి నిలిచిపోవలెను. మాది మూడు నాలుగు పర్యాయములు తలయూపినది. గొట్టములనుండి నూనె కారి, దుమ్ముతో కలిసి నల్లని ముద్దయైయుండెను.

బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు చినిగి యెన్నాళ్ళయినదో తెలియదు. ఆ చినుగులోనుండి నీరును ఇసుకయు లోపలికి పోయి, గ్రీజును వెడలగొట్టి, బంతిని అరగదీసినవి. రెండు వ్రేళ్ళంత తొడుగు చినిగినందున చేయి మొత్తము మార్చవలసి వచ్చినది. చప్పుడు మొదట వినబడిననాడే చూచియున్నచో పని యింత పెరుగకపోయెడిది.

మరునాడు రైలుబండిలో విజయవాడ పోయి, ఆటోనగరులో సామానులు కొంటిమి. ఎడమవైపు చేయి మాత్రమే అడుగగా, తల నెరసిన దుకాణదారుడు నవ్వి, “మాస్టారూ, ఒక కాలికి కొత్త చెప్పు, రెండోకాలికి పాతచెప్పు వేసుకుని బడికి పోతారా?” అనెను. రెండువైపుల భాగములును సమానబలము కలిగియుండకున్న బండి ఒకవైపునకు లాగునని ఆయన తాత్పర్యము. రెండు జతలు మా ముందు పెట్టి, బంతి కాడను చేతితో కదలించి చూడుమనెను. తక్కువ వెలది వదులుగా తిరిగెను. మంచిది బిగువుగా, ఒకే తీరున తిరిగెను. మంచిదే తీసికొంటిమి. రెండు చేతులు, రెండు టై రాడ్ ఎండులు, రెండు షాక్ అబ్సార్బర్లు, కొన్ని బుష్షులు, కొత్త స్ప్లిట్ పిన్నులు కొని, సంచి మోయలేక మోయుచు రైలెక్కితిమి.

మూడవనాటి యుదయమున పని మొదలిడితిమి. ఇట్టి పనులకు పూనుకొను తల్లిదండ్రులకును విద్యార్థులకును ముందుగా నొకమాట చెప్పవలెను. జాకీ బండిని లేపుటకే గాని నిలుపుటకు కాదు. దానిని నమ్మి బండి క్రింద దూరుట ప్రాణముతో జూదమాడుటయే. మేము చదునైన సిమెంటునేలపై బండి నుంచి, చేతిబ్రేకు వేసి, వెనుకచక్రములకు ముందు వెనుకల దిమ్మెలు పెట్టితిమి. చక్రముల నట్లు నేలపై నుండగానే కొంచెము వదులుచేసి, తరువాత బండిని లేపి, మా పరిచయస్థుడగు మెకానిక్కు నడిగి తెచ్చిన ఇనుపస్టాండ్లపై నిలిపితిమి. చేతితో నెట్టి, కదలదని తెలిసికొనిన పిమ్మటనే క్రిందికి పోయితిమి.

త్రుప్పుతో పోరాటము మాకు మధ్యాహ్నమువరకు సరిపోయినది. చేయి లోపలికొనయందున్న బోల్టు ఇరువదియెనిమిదియేండ్లుగా కదలనిది. మా మాట అదియేల వినును? దానిని తీగెబ్రష్షుతో రుద్ది, కిరసనాయిలు పోసి, వేరుపని చూచుకొంటిమి. టై రాడ్ ఎండు విప్పునప్పుడు, అది మరచుట్లపై నెన్ని చుట్లు తిరిగి వెలుపలికి వచ్చునో లెక్కించుమని మా చిన్నవానికి చెప్పితిమి. వాడు “పద్దెనిమిదిన్నర” అని గోడమీద సుద్దతో వ్రాసెను. కొత్తదానిని నన్ని చుట్లే యెక్కించినచో చక్రము ఇంచుమించు పూర్వస్థానమున నిలుచును. బంతి కాడను పట్టియున్న బోల్టును పూర్తిగా తీసివేయవలెను. కాడమీద నొక గాడి యుండి, బోల్టు ఆ గాడిలోనుండి పోవుటచేత, వదులుచేసినంతమాత్రమున కాడ బయటికి రాదు. ఇది తెలియక మేము అరగంటసేపు సుత్తితో శ్రమపడితిమి. బ్రేకునూనె పోవు రబ్బరుగొట్టము లాగబడకుండ దానిని తాటితో పైకి కట్టితిమి.

స్తంభములను విప్పి బయటికి తీసితిమి గాని, స్ప్రింగును మేము ముట్టలేదు. బండిలో నున్నప్పుడు నూటయేబది కిలోలకు తక్కువ కాని బరువును మోయు స్ప్రింగది. బయటికి తీసినను అది నొక్కబడియే యుండును. పైనున్న నడిమి నట్టును తగిన పనిముట్టు లేక విప్పినచో, ఆ శక్తియంతయు నొక్కసారిగా వెలువడి మనుష్యుని చంపగలదు. రెంటిని మెకానిక్కు దుకాణమునకు తీసికొనిపోయితిమి. ఆయన స్ప్రింగులను బిగించు యంత్రములో పెట్టి, కొత్త షాక్ అబ్సార్బర్లు అమర్చి యిచ్చెను. మన చేతగాని పని ఏదో తెలిసికొనుట కూడ పనిలో నొక భాగమే.

రెండవనాడు కూర్పు పని. కిరసనాయిలు తన పని చేసినది. మొండిబోల్టు కిర్రుమని తిరిగినది. పాతచేయిని కొత్తదాని ప్రక్క పెట్టి చూచితిమి. పాతబంతి గిన్నెలో గిలకవలె నూగుచుండెను. బుష్షులోని రబ్బరు ఒకప్రక్క నిలువున చీలియుండెను. మా చిన్నవాడు దానిని విడువక చేతిలో పట్టుకొని త్రిప్పి త్రిప్పి చూచుచుండెను.

చీకటి పడుచుండగా రెండుచేతులును అమరినవి. వాడు దీపము పట్టుకొనియుండగా మేము లోపలికొన బోల్టును పెద్దపానాతో గట్టిగా బిగించుచుంటిమి. అప్పుడు వాడు మెల్లగా, “నాన్నా, చక్రం ఇప్పుడు గాలిలో వేలాడుతోంది గదా. బండి దించితే ఈ చెయ్యి పైకి లేస్తుంది. మరి ఇప్పుడే బిగిస్తే ఈ రబ్బరు ఎప్పుడూ మెలిపడే వుంటుంది గదా?” అని అడిగెను.

రెండుదినముల బడలిక, చేతివ్రేళ్ళ చర్మము లేచిపోయియున్నది, నడుము నొప్పి. “ముందు ఆ దీపం సరిగ్గా పట్టుకో. అన్నీ నీకే తెలుసా?” అని కసరితిమి. వాడు మారుమాటాడలేదు. దీపము సరిగా పట్టుకొనెను. తరువాత పని ముగియువరకు నొక్క ప్రశ్నయు వేయలేదు. బండిని దించి, చేతులు కడుగుకొని, భోజనము చేసి, పని పూర్తియైనదని ఇంటివారందరికి చెప్పితిమి. మా అమ్మగారు సంతోషించిరి. చిన్నవాడు తలవంచుకొని యన్నము తినుచుండెను.

ఆ రాత్రి నిదుర పట్టలేదు. చీలిన పాతబుష్షు కన్నులయెదుట నిలిచినది. బుష్షు నడుమ నొక యినుపగొట్టము, దాని చుట్టు నంటియున్న రబ్బరు. బోల్టు బిగించినప్పుడు ఆ గొట్టము చట్రమునకు పట్టుకొనిపోవును. అటుపై చేయి కదలుటయనగా రబ్బరు మెలిదిరుగుటయే గాని వేరుకాదు. చక్రము వ్రేలాడునప్పుడు బిగించినచో, బండి నేలపై నిలిచినంతకాలమును రబ్బరు మెలిపడియే యుండును. గుంట వచ్చినప్పుడెల్ల ఆ మెలికపై మరియొక మెలిక. కొద్దికాలములోనే చీలును. బండి తన బరువుపై తాను నిలిచియుండగా బిగించినచో, సాధారణస్థితిలో రబ్బరు విశ్రాంతితో నుండును. హుక్ సూత్రము ఇరువదియేండ్లుగా నల్లబల్లపై వ్రాయుచున్న మాకు తోచని సంగతి, దీపము పట్టుకొని నిలిచిన బాలునకు తోచినది. తోచలేదనుట కూడ పూర్తిగా నిజము కాదు. వాడడిగిన క్షణముననే మాకు లోపల నేదో చప్పుడైనది. ఆ చప్పుడు వినకుండుటకే గొంతు పెంచితిమి. వేసవిలో రేడియో పెంచినట్లు.

తెల్లవారకముందే వాని పడక దగ్గరకు పోయి లేపితిమి. “నువ్వన్నదే నిజంరా. తప్పు నాది. రా, మళ్ళీ విప్పుదాం” అంటిమి. వాడు కన్నులు నులుముకొని, ఆశ్చర్యముతో మా ముఖమును చూచి, ఒక్క యుదుటున లేచెను. బండి చక్రములపై నిలిచియుండగానే క్రిందికి పోవలెను గావున, దళసరి పలకలు వరుసగా పరచి, ముందుచక్రముల వానిపై కెక్కించి, వెనుకచక్రములకు దిమ్మెలు పెట్టితిమి. బోల్టును వదులుచేయగనే చేయిలోనుండి చిన్న కిర్రుచప్పుడు వచ్చి బుష్షు తన చోటికి తాను తిరిగినది. రాత్రియంతయు మెలిపడియున్న రబ్బరు ఊపిరి వదలినట్లయినది. “విన్నారా నాన్నా?” అనెను వాడు. వింటిమి. రెండవవైపును అట్లే వదులుచేసి, బండిని నాలుగైదుమారులు అదిమి వదలి, అది తన సహజమైన యెత్తున నిలిచిన తరువాత, బిగింపు కొలుచు పానాతో బోల్టులను బిగించితిమి. ఈసారి పానా వాని చేతిలో, దీపము మా చేతిలో నుండెను. విప్పిన ప్రతి పిన్నుకు బదులు కొత్తపిన్ను పెట్టితిమా లేదా యని వాడు వ్రేళ్ళతో లెక్కించి చూచెను.

అయినను పని ముగియలేదు. ఎన్ని చుట్లు లెక్కించినను చక్రముల కోణము చేతికొలతకు పూర్తిగా లొంగదు. మెల్లగా నడపుకొనుచు పోయి, యంత్రముపై వీల్ అలైన్‌మెంటు చూపించితిమి. కొంచెము మాత్రమే సవరించవలసి వచ్చినది. ఆ సంగతి విని చిన్నవాడు తన పద్దెనిమిదిన్నర చుట్లను గూర్చి గర్వపడెను, పడదగినదే.

ఆ మాసముననే మా అమ్మగారిని గుంటూరు తీసికొనిపోయితిమి. పొన్నూరు దగ్గర ఆ గుంట యింకను నట్లే యున్నది. ఈసారి చూచి మెల్లగా దాటించితిమి. బండి యొకసారి వంగి, లేచి, నిలిచినది. రేడియో పెట్టలేదు. మా అమ్మగారు కొంతదూరము చెవియొగ్గి కూర్చుండి, తరువాత వెనుకకు వాలి, కన్నులు మూసికొని నిదురించిరి. ఆమె బండిలో నిదురించుట చూచి చాల మాసములైనది.

ఇంటికి వచ్చిన తరువాత నాన్నగారి పుస్తకము తీసి చిన్నవాని కిచ్చి, జరిగినదానిని వ్రాయుమంటిమి. వాడు తేదీ వేసి, మార్చిన భాగముల పేర్లన్నియు వరుసగా వ్రాసి, క్షణమాగి, “బుష్షు బోల్టులు మొదట తప్పుగా బిగించి, మరునాడు సరిచేసినాము అని కూడా వ్రాయనా?” అని అడిగెను. వ్రాయుమంటిమి. “బిగించినాము” అని వాడు వ్రాసినదానిలో వానికి పాలు లేదు. తప్పు మాది మాత్రమే. వాడు మమ్ము కాపాడుటకై ఆ మాట వాడెను. దానిని మేము కొట్టివేయలేదు. ఇక్కడ నిజము చెప్పుచున్నాము.

ప్రియవిద్యార్థులారా, మా తరగతిలో ప్రశ్న వేసి, “ముందు కూర్చో” అనిపించుకొనినవారు మీలో కొందరున్నారు. వారి పేర్లు మాకు జ్ఞాపకమున్నవి. సెలవుల తరువాత బడి తెరచినప్పుడు వారిలో నొకని ప్రశ్నను మేమే మరల నడిగి, దానికి జవాబు చెప్పితిమి. మిగిలినవారి కింకను బాకీపడియున్నాము. ఆ ప్రశ్నలు మరల తెండు. తల్లిదండ్రులకు మా విన్నపమును అంతే: మీ యింటి బండియైనను, మీ యింటి బిడ్డయైనను, క్రిందినుండి చిన్న చప్పుడు వినబడినప్పుడు ఒకసారి యాగి, దిగి, వంగి చూడుడు. వంగినందువలన నడుము కొంచెము నొచ్చును; అంతకు మించిన నష్టము మాకు కలుగలేదు.